ఉద్యోగి నుండి పారిశ్రామికుడు

పట్టభద్రుడైన ప్రతి యువకుడూ మొదట వెదికేది ఉద్యోగమే. అందులో తప్పు లేదు. అయితే అది గమ్యమా, మజిలీయా అన్నది ఆలోచించవలసిన విషయం. డాక్టర్ కల్లం అంజిరెడ్డి జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట జన్మించిన ఆయన, పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1969లో హైదరాబాదులోని ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐ.డి.పి.ఎల్.లో చేరారు. మందుల మూలద్రవ్యాలను పెద్దయెత్తున తయారుచేసే విధానాన్ని అక్కడే ఆకళింపు చేసుకొన్నారు. 1975లో ఆ ఉద్యోగాన్ని వదలుకొన్నారు.

కాలమూ అనుకూలించింది. 1972లో అమలులోకి వచ్చిన పేటెంట్ల చట్టం మందుకు కాక, దానిని తయారుచేసే పద్ధతికే పేటెంటు నిచ్చేది. కనుక అదే మందును మరొక పద్ధతిలో చేయగల శాస్త్రజ్ఞునికి దారి తెరచుకొన్నది. యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థలను నడిపిన పిమ్మట, 1984లో ఆయన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. రక్తపోటుకు వాడే మిథైల్‌డోపాను ఆ సంస్థ విదేశాలకు ఎగుమతి చేసింది. 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో స్థానం పొందింది. 2013లో ఆయన దివంగతులయ్యారు.

విద్యార్థి మిత్రులారా! ఉద్యోగం వదలిన నాటికీ ఈ సంస్థ పుట్టిన నాటికీ నడుమ తొమ్మిదేండ్ల శ్రమ ఉన్నది. అంతకుముందు ఆరేండ్ల అభ్యాసం ఉన్నది. చేతిలో విద్య లేకుండా రాజీనామా చేయడం సాహసం అనిపించుకోదు. 2005లో పేటెంట్ల చట్టం మారి, కొత్త మందులకు సంబంధించినంతవరకు ఆ పాత దారి మూసుకొన్నది. కాబట్టి మనం గ్రహించవలసినది ఆయన నడచిన దారిని కాదు, దారిని గుర్తించిన తీరును.