పాత బండిని పరీక్షించుట

పఠనము: 1 థెస్సలొనీకయులకు 5:21, సామెతలు 20:14

ప్రియ సహోదరులారా, కూరగాయలు బజారునకు తోలుటకై మనలో కొందరు అప్పు తెచ్చి పాత డీజిలు పికప్పు బండ్లు కొనుచున్నారు. పైరంగు చూచి బయానా ఇయ్యకుడి. తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనిపోవుడి.

1. హైదరాబాదు యాకుత్‌పురా వైపు బండి చూడబోయినయెడల, 2020 అక్టోబరు వరదలో అది మునిగెనా అని మర్యాదగా అడుగుడి. అప్పుడు పాత నగరములో ఎన్నో వాహనములు నీట మునిగెను. సీట్ల క్రింది ఒండ్రు, తీగల కొసల త్రుప్పు సంగతి తెలుపును.

2. ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించుడి. ముందే వేడిచేసిన ఇంజను తన రోగమును దాచును. నీలిపొగ ఆగక వచ్చినచో ఆయిలు కాలుచున్నది. రేడియేటరు నీటిపై నూనె తేలినచో హెడ్డు గాస్కెట్టు చెడియుండవచ్చును. ఛాసిసుకు పగుళ్లు, అతుకులు వెదకుడి.

3. ఛాసిసు, ఇంజను నంబర్లు ఆర్.సి.తో సరిచూడుడి. ఫైనాన్సు బాకీ తీరెనా, ఫిట్‌నెస్ గడువున్నదా చూడుడి. 29, 30 ఫారములపై సంతకములైన పిమ్మటనే పూర్తి సొమ్ము చెల్లించుడి.

అయితే ధర తగ్గించుటకై మంచి బండిని చెడ్డదనుటయు అబద్ధమే. మనము అమ్మునప్పుడు లోపమును దాచక చెప్పుదుమా? బండి క్రింద దూరి చూచు మనము, మన హృదయమును దేవుడు పరిశోధించుటకు ఒప్పుకొందుమా? కీర్తన 139:23 చదివి ప్రార్థించుడి.