విప్పి బిగించుకునే ల్యాప్‌టాప్

నాగలి కర్రు అరిగిపోయింది. రైతు ఏం చేస్తాడు? కర్రు ఊడదీసి కమ్మరి కొలిమికి తీసుకుపోతాడు. సాగగొట్టించి తెస్తాడు. మరీ అరిగితే కొత్త కర్రు వేయిస్తాడు. నాగలిని మాత్రం పారేయడు. సైకిలు ట్యూబు పోతే ట్యూబు మారుస్తాం. కుట్టుమిషను బెల్టు తెగితే బెల్టు వేయిస్తాం. ఒక్క ముక్క పోయిందని మొత్తం వస్తువును పడేయడం మన ఇళ్లలో అలవాటు లేదు.

ల్యాప్‌టాప్, ట్యాబ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు సాగడం లేదు.

ల్యాప్‌టాప్ అంటే ఒడిలో పెట్టుకొని వాడుకునే కంప్యూటరు. పుస్తకంలా తెరుస్తారు. పై రెక్కలో తెర ఉంటుంది. కింది రెక్కలో అక్షరాల మీటలు ఉంటాయి. ట్యాబ్ అంటే పలక లాంటిది. దానికి మీటలు ఉండవు. తెర మీదే వేలితో తాకి పని చేయాలి. ఇవి ఇప్పుడు పట్నం వస్తువులు మాత్రమే కావు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. కాలేజీలో చేరిన పిల్లలు ల్యాప్‌టాప్ అడుగుతున్నారు. సంఘంలో అప్పు తీసి కొనిచ్చే తల్లులు ఉన్నారు. డబ్బు మనది. కాబట్టి ఆ వస్తువు లోపలి సంగతి కూడా మనకు తెలియాలి.

రిపేరు షాపులో

ఒక ఇంటి సంగతి అనుకుందాం. కూతురు డిగ్రీ చదువుతోంది. తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసుకొని ల్యాప్‌టాప్ కొన్నది. నెలనెలా కిస్తీ కడుతోంది. రెండేళ్లు గడిచాయి. ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది. మధ్యమధ్యలో ఆగిపోతోంది. తల్లీ కూతుళ్లు రిపేరు షాపుకు పోయారు.

“తమ్ముడూ, ఇది బాగవుతుందా?”

షాపతను వెనక మూత విప్పి చూశాడు.

“అక్కా, దీనికి మెమరీ చాలడం లేదు. ఇంకో ముక్క వేస్తే చక్కగా నడుస్తుంది. కానీ వేయడానికి చోటు లేదు. ఉన్న మెమరీని బోర్డుకే టంకం పెట్టి అతికేశారు.”

“బోర్డు మారిస్తే?”

“దాని ధరకు ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుందక్కా.”

“కిస్తీలు ఇంకా పది ఉన్నాయి కదయ్యా!”

షాపతను ఏమీ అనలేదు. మూత మళ్లీ బిగించి ఇచ్చాడు.

అతను చేయగలిగింది ఏమీ లేదు. తంటా ఆ వస్తువును తయారుచేసిన తీరులోనే ఉంది. ల్యాప్‌టాప్ పలచగా ఉండాలి, తేలికగా ఉండాలి అని కంపెనీలు పోటీ పడ్డాయి. పలచన చేయాలంటే లోపల చోటు తగ్గించాలి. అందుకని మెమరీని బోర్డుకు అతికేశారు. చాలా వాటిలో బ్యాటరీకి జిగురు పెట్టారు. ట్యాబ్‌లలో తెరను కూడా జిగురుతో అంటించారు. దీనివల్ల కొంత లాభం ఉంది, కాదనలేం. వస్తువు తేలికగా ఉంటుంది. కరెంటు కొంచెం తక్కువ తాగుతుంది. కానీ ముక్క పోతే కొన్నవాడు మళ్లీ కొత్తది కొనాలి. కంపెనీకి అది నష్టం కాదు కదా!

అందరూ ఇలాగే చేయలేదు.

ముక్కలు మార్చుకునే ల్యాప్‌టాప్

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అనే నగరం ఉంది. అక్కడ నీరవ్ పటేల్ అనే ఇంజనీరు ఒక కంపెనీ పెట్టాడు. దాని పేరు ఫ్రేమ్‌వర్క్. ఆ కంపెనీ 2021లో తన మొదటి ల్యాప్‌టాప్‌ను అమ్మింది. ఆ పెట్టెలో ల్యాప్‌టాప్‌తో పాటు ఒక చిన్న స్క్రూడ్రైవరు కూడా పెట్టారు. “విప్పితే వారంటీ పోతుంది” అని చాలా కంపెనీలు బెదిరిస్తాయి. ఈ కంపెనీ మాత్రం “విప్పి చూసుకోండి” అన్నది.

కింద ఐదు స్క్రూలు ఉంటాయి. అవి వదులవుతాయి కానీ ఊడి కింద పడవు. స్క్రూ పోయిందని మంచం కింద వెతకాల్సిన పని లేదు. మూత తీస్తే లోపల బ్యాటరీ, మెమరీ, ఫ్యాను అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో ముక్క మీద ఒక గళ్ల గుర్తు ముద్రించి ఉంటుంది. కిరాణా కొట్టులో డబ్బు కట్టడానికి ఫోనుతో చూస్తామే, అలాంటి గుర్తు. దాన్ని ఫోనుతో చూస్తే ఆ ముక్కను ఎలా మార్చాలో తెలుస్తుంది.

పక్కల సంగతి ఇంకా బాగుంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో పక్కన కొన్ని రంధ్రాలు ఉంటాయి. చార్జింగుకు ఒకటి, టీవీకి కలపడానికి ఒకటి, పెన్‌డ్రైవుకు ఒకటి. కంపెనీ ఎక్కడ పెడితే అక్కడే. ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్‌లో రంధ్రాల బదులు నాలుగు గూళ్లు ఉంటాయి. అగ్గిపెట్టె కంటే చిన్నవైన ముక్కలను ఆ గూళ్లలోకి తోయాలి. టీవీకి కలపాలంటే ఆ ముక్క తొడగాలి. పని అయ్యాక తీసి వేరేది తొడగాలి. ఒక ముక్క విరిగితే ఆ ముక్క ఒక్కటే కొనాలి. కుడి పక్క గోడ ఉందా? చార్జింగు ముక్కను ఎడమ పక్కకు మార్చుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద మాట బోర్డుది. కంప్యూటరుకు బోర్డే ప్రాణం. 2021 తర్వాత కంపెనీ కొత్త కొత్త బోర్డులు తెచ్చింది. 2025లో వచ్చిన బోర్డు కూడా 2021 నాటి డొక్కులో సరిగ్గా కూర్చుంటుంది. తెర పాతదే, మీటలు పాతవే, ప్రాణం కొత్తది. తీసేసిన పాత బోర్డును ఒక డబ్బాలో పెట్టి, టీవీకి కలిపి, మరో కంప్యూటరుగా వాడుకోవచ్చు.

2024 మొదట్లో ఇదే కంపెనీ పెద్ద ల్యాప్‌టాప్‌ను జనానికి అందించింది. దానికి ఆరు గూళ్లు. అంకెల మీటల పలకను కుడి వైపు పెట్టుకోవచ్చు, ఎడమ వైపు పెట్టుకోవచ్చు, అసలు తీసేయవచ్చు. ఎడమచేతి వాటం వాళ్ల గురించి ఆలోచించిన కంపెనీని ఇక్కడే చూస్తున్నాం! బొమ్మలు, వీడియోల పని ఎక్కువ ఉన్నవాళ్లకు వెనక ఒక పెద్ద ముక్క తగిలించే వీలు కూడా ఉంది.

ధర మాత్రం తక్కువ కాదు. 2021లో అమెరికాలో పూర్తిగా బిగించి ఇచ్చే ల్యాప్‌టాప్ మొదలు ధర 999 డాలర్లు. అప్పటి లెక్కన మన డబ్బులో 70 వేల రూపాయల పైమాటే. ఇది మన ఊరి షాపులో దొరికే వస్తువు కాదు. అయినా ఎందుకు చెప్పుకుంటున్నాం? “పలచగా చేస్తే విప్పడం కుదరదు” అని కంపెనీలు చెబుతూ వచ్చాయి. ఈ ల్యాప్‌టాప్ కూడా పలచగానే ఉంది. కుదురుతుందని తేలింది.

తెర అంటే చుక్కల ముగ్గు

ఇప్పుడు తెర సంగతి చూద్దాం. కొనేటప్పుడు షాపువాళ్లు తెర గురించే ఎక్కువ చెబుతారు.

తెర అంటే చుక్కల ముగ్గు. అడ్డంగా కొన్ని చుక్కలు, నిలువుగా కొన్ని చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగులు ఉంటాయి. ఈ మూడింటిని ఎక్కువ తక్కువ చేసి అన్ని రంగులూ పుట్టిస్తారు. చుక్కలు ఎంత దగ్గరగా ఉంటే అక్షరం అంత నున్నగా కనిపిస్తుంది. మన తెలుగు అక్షరాలకు వంపులు ఎక్కువ. ఒత్తులు, గుడులు చిన్నవిగా ఉంటాయి. చుక్కలు తక్కువైతే అవి అలుక్కుపోయినట్లు ఉంటాయి.

ఫ్రేమ్‌వర్క్ మొదటి తెరలో అడ్డంగా 2256, నిలువుగా 1504 చుక్కలు. గుణిస్తే దాదాపు 34 లక్షలు. 2024లో ఆ కంపెనీ ఇంకా మంచి తెర తెచ్చింది. అందులో 55 లక్షల చుక్కలు. పాత తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చేది. కొత్తది 120 సార్లు మారుస్తుంది. 2021లో కొన్నవాళ్లు కూడా ఈ తెర ఒక్కటే తెప్పించుకొని తమ పాత ల్యాప్‌టాప్‌కు బిగించుకోవచ్చు. తెర చుట్టూ ఉన్న చట్రం అయస్కాంతాలతో అంటుకొని ఉంటుంది. చేత్తో లాగితే వస్తుంది.

చుక్కలకు వెలుగు ఎక్కడిది? తోలుబొమ్మలాట చూసే ఉంటారు. తెర వెనక దీపం ఉంటుంది. దీపం ముందు బొమ్మ ఆడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ తెర అలాంటిదే. వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న చుక్కలు వెలుగును వదులుతాయి, లేదా ఆపుతాయి. దీన్ని ఎల్‌సీడీ అంటారు. ఓఎల్ఈడీ అనే తెర వేరు. అందులో ప్రతి చుక్కా ఒక బుల్లి దీపం. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది. బొమ్మలు అందంగా ఉంటాయి. ధర ఎక్కువ.

చుట్టే తెర కూడా వచ్చింది. లెనోవో కంపెనీ 2025లో ఒక ల్యాప్‌టాప్ చూపించింది. మీట నొక్కితే లోపల చుట్టి ఉన్న తెర, చాప విప్పినట్లు పైకి లేస్తుంది. 14 అంగుళాల తెర 16.7 అంగుళాలు అవుతుంది. చూడటానికి ముచ్చటే. కానీ కదిలే భాగం ఎక్కడ ఉంటే అరుగుదల అక్కడ ఉంటుంది. అది పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఎండలో కనిపించిన తెర

నా లెక్కలో అన్నిటికంటే గొప్ప తెర వీటిలో ఏదీ కాదు. అది 2007లోనే వచ్చింది. పేద దేశాల పిల్లల కోసం ‘పిల్లకొక ల్యాప్‌టాప్’ అనే పథకం అమెరికాలో మొదలైంది. నికొలస్ నెగ్రొపాంటి దానికి నాయకుడు. వాళ్ల ల్యాప్‌టాప్ ఆకుపచ్చగా, బొమ్మలా ఉండేది. దాని తెరను మేరీ లూ జెప్సన్ అనే ఇంజనీరు తయారుచేసింది.

మామూలు తెరను ఎండలోకి తెస్తే ఏమీ కనిపించదు. మన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తాం కదా. ఈ తెర అలా కాదు. ఇంట్లో రంగుల్లో కనిపిస్తుంది. ఎండలోకి తెచ్చి వెనక దీపం ఆపేస్తే నలుపు తెలుపుల్లో, అచ్చు పుస్తకంలా కనిపిస్తుంది. దీపం ఆరింది కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. చెట్టు కింద నడిచే బడులు ఉన్న దేశాలకు ఇది సరైన తెర. ఆ వెనక దీపం పాడైతే తెర మొత్తం మార్చక్కర్లేదు. దీపం ఒక్కటే మార్చుకోవచ్చు. అదనపు స్క్రూలను ల్యాప్‌టాప్ పిడిలోనే దాచి పెట్టారు. నైజీరియాలో ఒక బడి పిల్లలు తామే ‘ల్యాప్‌టాప్ ఆసుపత్రి’ నడిపారు. మన దేశంలో మహారాష్ట్రలోని ఖైరాత్ అనే చిన్న ఊరి బడికి కూడా ఈ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి.

అనుకున్న ధర 100 డాలర్లు. చివరికి అది రెండింతలకు చేరువైంది. పెరూ దేశం ఇవి చాలా బడులకు ఇచ్చింది. 2012లో పరిశీలించి చూస్తే పిల్లల లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. చెప్పే టీచరు లేకుండా వస్తువు ఒక్కటే చదువు చెప్పదు. ఇది కూడా తెలిసి ఉండాలి.

నమ్మి కొంటే ముక్కలు దొరుకుతాయా?

“ముక్కలు మార్చుకోవచ్చు” అన్న ప్రతి మాటా నిలబడలేదు. గూగుల్ కంపెనీ ముక్కలు తగిలించుకునే ఫోను తెస్తానన్నది. 2016లో ఆ పని ఆపేసింది. ఎల్‌జీ కంపెనీ 2016లో అలాంటి ఫోనును అమ్మింది కూడా. మరుసటి ఏడు వచ్చిన ఫోనుకు ఆ ముక్కలు పట్టలేదు. కొన్నవాళ్ల చేతిలో అవి అలాగే మిగిలిపోయాయి. కాబట్టి ముక్క ఊడుతుందా అన్నది ఒక ప్రశ్న. ఐదేళ్ల తర్వాత ఆ ముక్క దొరుకుతుందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

దీనికి కొన్ని దేశాలు చట్టం చేశాయి. ఫ్రాన్సులో 2021 నుంచి ల్యాప్‌టాప్‌ల మీద మార్కులు వేస్తున్నారు. రిపేరుకు ఎంత వీలుగా ఉంది అని 10కి ఇన్ని మార్కులు. ధర పక్కనే అవి కనిపించాలి. యూరప్ దేశాల కూటమిలో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు, ట్యాబ్‌లకు కొత్త నియమం వచ్చింది. ఒక మోడలు అమ్మకం ఆపిన తర్వాత కూడా ముఖ్యమైన విడి ముక్కలు 7 ఏళ్లు దొరకాలి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పేరుతో ఇంటర్నెట్‌లో సమాచారం పెట్టడం మొదలుపెట్టింది. రైట్ టు రిపేర్ అంటే బాగుచేయించుకునే హక్కు. వారంటీ, విడి ముక్కలు, సర్వీసు కేంద్రాల వివరాలు అందులో ఉంటాయి. కంపెనీ మోసం చేసిందనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు. బిల్లు మాత్రం దగ్గర పెట్టుకోవాలి. బిల్లు లేకపోతే మన మాట నిలవదు.

షాపులో నిలబడినప్పుడు తెర మెరుపు చూసి మురిసిపోకముందు అడగండి. “మెమరీ తర్వాత పెంచుకోవచ్చా, అతికేశారా? బ్యాటరీకి స్క్రూలా, జిగురా? తెర పగిలితే ఎంత అవుతుంది?” తెర ధర వినగానే చాలామంది రెండో మోడలు వైపు చూస్తారు. తెరను ఎండ తగిలే చోటుకు తెచ్చి చూపించమనండి. షాపు లోపల అన్ని తెరలూ బాగానే ఉంటాయి. డబ్బు తక్కువ ఉంటే ఆఫీసుల్లో వాడి అమ్మిన పాత ల్యాప్‌టాప్‌లు చూడవచ్చు. వాటిలో చాలా వాటికి మెమరీ, హార్డ్ డిస్కు మార్చుకునే వీలు ఉంటుంది. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే నత్త పరుగెత్తుతుంది.

ఒక జాగ్రత్త. బ్యాటరీ ఉబ్బితే వెంటనే చార్జింగు ఆపండి. దాన్ని గుచ్చకండి, నొక్కకండి. నిప్పు అంటుకుంటుంది. తెలిసిన మెకానిక్‌తోనే తీయించండి. చెత్తకుప్పలో వేయవద్దు.

లెక్క చేయండి

ఒక ల్యాప్‌టాప్ ధర 40,000 రూపాయలు అనుకోండి. ముక్కలు మారవు. 4 ఏళ్లు పనిచేసింది. ఏడాదికి ఎంత పడింది?

ఇంకో ల్యాప్‌టాప్ ధర కూడా 40,000 రూపాయలే. బ్యాటరీకి, మెమరీకి తర్వాత 8,000 ఖర్చు అయింది. 6 ఏళ్లు పనిచేసింది. ఏడాదికి ఎంత పడింది?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో రిపేరు కాక మూలన పడిన ఫోను, ట్యాబ్ ఏవైనా ఉన్నాయా? ఏ ముక్క దొరకక అలా పడి ఉన్నాయి?

మీ సంఘంలో ల్యాప్‌టాప్ కోసం ఎవరైనా అప్పు అడిగారా? కొనే ముందు వాళ్లతో పాటు షాపుకు ఎవరు పోతే బాగుంటుంది?