పత్తాల కట్టయు, వ్రేళ్ల యభ్యాసమును

మిషను పాఠశాల పత్రికలో పేకముక్కలను గూర్చిన పాఠమేమని తల్లిదండ్రులు కొందఱు శంకింపవచ్చును. వారి శంక న్యాయమైనదే. చెట్టునీడను కూర్చుండి పత్తాలాడి, వడ్లమ్మిన సొమ్మును ఒక్క పూటలో పోగొట్టుకొనినవారిని మన మల్యాల ప్రాంతమున ఎఱుగని వారెవరు? పందెపుటాటను ఈ వ్యాసము సమర్థింపదు. అసలు ఇందు ఆటయే లేదు. ఒక చేతిలోనే కట్టను రెండుగా విడదీసి కలుపుట, ముక్కలను విసనకఱ్ఱవలె విప్పుట, ఒక చేతినుండి మఱియొక చేతికి ధారగా దుముకించుట మొదలగు విన్యాసములను చేతులు ఎట్లు నేర్చుకొనునో చెప్పుటయే నా యుద్దేశము. ఓడువాడును గెలుచువాడును లేని ఈ విద్యను నేడు అనేక దేశముల యువకులు కార్డిస్ట్రీ యని పిలుచుచున్నారు.

నాకు దీనియందు శ్రద్ధ పుట్టిన విధము నాకు గౌరవము తెచ్చునది కాదు, అయినను చెప్పెదను. గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలోని యొక బాలుని కుడిచేయి బల్లక్రింద ఆడుచుండుట చూచితిని. దగ్గఱకు పోయి చూడగా పేక కట్ట. "పందెమాడుతున్నావా?" అని గద్దించితిని.

"లేదయ్యగారూ, ఒక్క చేత్తోని కట్ట తిప్పుడు నేర్చుకుంటున్న" అని వాడు మెల్లగా చెప్పెను.

నేను నమ్మలేదు. కట్టను తీసికొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. అంతటితో ఊరకుండక, అర్ధసంవత్సర పరీక్షల ప్రగతిపత్రములో వాని పేరున "శ్రద్ధ లేదు, పట్టుదల లేదు" అని వ్రాసితిని. లెక్కలలో వానికి వచ్చినవి పదునెనిమిది మార్కులు. నా మాటకు అవియే సాక్ష్యమనుకొంటిని.

నెల దినముల తరువాత ఒక సాయంకాలము బీరువా సర్దుచుండగా ఆ కట్ట చేతికి వచ్చెను. బాలుడు చేసినదేమో చూతమని తలుపు మూసి ప్రయత్నించితిని. దానికి చార్లియరు కోత యని పేరు. కట్టను అఱచేతికి తాకనీయక వ్రేళ్లకొనలమీద నిలుపవలెను: పొడవైన అంచున ఒకవైపు బొటనవ్రేలు, ఎదుటి అంచున మధ్యవ్రేలును ఉంగరపు వ్రేలును, వెనుక చివరను చిటికెనవ్రేలు. బొటనవ్రేలిని కొంచెము సడలించినచో క్రింది సగము అఱచేతిలోనికి జాఱును. అంతట చూపుడువ్రేలు ఆ సగమును బొటనవ్రేలివైపు పైకి నెట్టును. దాని యంచు పైసగమును దాటిన క్షణమున పైసగము క్రిందికి దిగును. వ్రేళ్లు మూయగా కట్ట మరల ఒకటగును. చదువుటకు ఇది సులభము. నేను చేసినంతనే 52 ముక్కలును నేలపాలయ్యెను. ఇరువది మారులు చేసితిని. ఇరువది మారులును ఏఱుకొంటిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అభ్యాస సూత్రములను కంఠస్థము చేసి పరీక్ష నెగ్గినవాడను, ఒక కాగితపు కట్ట ముందర ఒకటవ తరగతి బాలుడనైతిని.

మఱునాడు ఆ బాలుని పిలిచి, నాకు నేర్పుమంటిని. వాడు మొదట నన్ను అనుమానముగా చూచెను. పిమ్మట కట్టలో సగము తీసి ప్రక్కన పెట్టి, "ఇంత చాలు మీ చేతికి" అనెను. మంచముమీద దుప్పటి పఱచి దానిపై చేయవలెననియు, ముక్కలు పడినను మూలలు విఱుగవనియు చెప్పెను. వేసవిలో చెమట పట్టిన చేతితో ముట్టకూడదు. ముక్కలు ఒకదానికొకటి అంటుకొనును. ఇవి చిన్న సంగతులు. పెద్ద సంగతి తరువాత వచ్చినది. నేను పడిన ముక్కలను త్వరగా ఏఱుకొని మొదటినుండి ఆరంభింపబోగా వాడు నా చేయి పట్టి ఆపెను.

"పడ్డకాన్నే చూడాలె అయ్యగారూ. వచ్చేదే మల్ల మల్ల చేస్తే ఏమొస్తది?"

చూచితిని. నా చూపుడువ్రేలు నెట్టుచున్న సమయముననే చిటికెనవ్రేలు తెలియకుండ లేచుచున్నది. ఆ యొక్క వ్రేలిని కదలనీయక, నత్తనడకగా, సగము చలనము మాత్రమే పది దినములు చేసితిని. పదునొకండవ దినమున కట్ట చేతిలో నిలిచెను.

ఈ యుపాయము నీకెవరు చెప్పిరని యడుగగా "మా అమ్మ" అనెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చేయు స్త్రీలు వేలకొలది కలరు. వాని తల్లియు వారిలో నొకతె. ఒక ఆదివారము సాయంకాలము వారి యింటికి పోయితిని. ఒడిలో చేట. తడిపి మెత్తపఱచిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారము కట్టుచు ఆమె నాతో మాటలాడుచునేయుండెను. ఒక్కమారైనను చేతివంక చూడలేదు. "కొత్తల నాకు ఆకు చినుగుతుండె సారూ. చినిగిన కాన్నే మా అత్త ఆపి సూపెట్టేది. వేలు ఏడ తప్పుతుందో ఎరుకైతే తర్వాత చెయ్యే చేసుకుంటది" అని చెప్పెను. (ఆ వృత్తిని నేను పొగడుటలేదు. తంబాకు ధూళి రొమ్మునకు కీడు. పిల్లలను ఆ పనిలో పెట్టరాదు.)

లేవబోవుచుండగా ఆమె వేఱొక మాట చెప్పెను. "మీరు రాసిన కాయితం చదివించుకున్న సారూ. వాళ్ల నాయిన దుబాయిల ఉంటడు. పట్టుదల లేకుంటే బడి ఎందుకు, ఈ ఏడుతోని బంద్ చేయుమని ఫోన్ల చెప్పిండు." నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రియే ఆ తండ్రికి రెండు పుటల జాబు వ్రాసి, ఆమె ఫోనుద్వారా పంపించితిని. ప్రగతిపత్రములో వ్రాసినది నా తొందరపాటని, ఒక చలనమును నాలుగు మాసములు విడువక సాధించినవానికి పట్టుదల లేదనుట అసత్యమని అందు ఒప్పుకొంటిని.

ఇక శాస్త్రము చెప్పునదేమి? అమెరికాలో బ్రయను, హార్టరు అను పండితులు తంతివార్తలు నేర్చుకొనువారిని పరీక్షించి 1897లోను 1899లోను ప్రకటించిన ఫలితములు ఉపాధ్యాయులకు నేటికిని పనికివచ్చును. నేర్చువాని యభివృద్ధి మెట్టమీది దారివలె ఎడతెగక పైకి పోదు. కొంత ఎక్కిన పిమ్మట వారములకొలది సమతలముగా నిలిచిపోవును. అక్షరములను వేఱువేఱుగా వినువాడు మాటలను మొత్తముగా వినుటకు అలవాటుపడు కాలమది. 1903లో స్విఫ్టు అను నతడు ఒక చేతితో రెండు బంతులను ఎగురవేయుట నేర్పి చూడగా, అక్కడను పెరుగుదల ఒడిదుడుకులుగానే యుండెను. నాకును నాలుగవ వారమున ఇట్లే జరిగినది. పదింటికి ఆఱు నిలుచుచుండెను, ఏడు కాకపోయెను. అప్పుడే చాలమంది మానివేయుదురు. మన విద్యార్థులు ఆంగ్లమును, బీజగణితమును విడుచునదియు తఱచుగా ఆ సమతలముమీదనే.

2004లో జర్మనీ శాస్త్రజ్ఞులు మూడు బంతుల గారడి నేర్చుకొనినవారి మెదడును చిత్రించి చూచిరి. మూడు మాసముల యభ్యాసముచేత, చలనమును గుర్తించు భాగమున బూడిదరంగు పదార్థము పెరిగియుండెను. అభ్యాసము మానిన మూడు మాసములకు ఆ పెరుగుదల తగ్గెను. ఒకే దినమున మూడు గంటలు కూర్చుండుటకంటె దినమునకు పదునైదు నిమిషములు మేలను సంగతి మఱింత పాతది. అభ్యాసమును దినములమీద పంచుకొనిన లాభమును ఎబ్బింగ్‌హౌసు 1885లోనే కనుగొనెను.

పేక యనగానే మోసము గుర్తునకు వచ్చుటయు వింత కాదు. 1902లో చికాగోలో ఎర్డ్‌నేసు అను మాఱుపేరుతో వెలువడిన గ్రంథము జూదరుల చేతివాటమును, ఇంద్రజాలికుల విద్యను ఒకే పుస్తకమున బోధించినది. దాని కర్త యెవరో నేటికిని నిశ్చయము కాలేదు. చేతికి మంచిచెడ్డలు తెలియవు. అందుచేతనే ఆ బాలునికి కట్టను తిరిగి యిచ్చునప్పుడు రెండు నియమములు పెట్టితిని: పందెమునకు ముట్టరాదు, తరగతిలో సంచినుండి తీయరాదు.

గోదావరి కావల నిర్మలలో చిత్రకారులు పూర్వము గుండ్రని గంజీఫా ముక్కలు చిత్రించెడివారు. వానిని గూర్చి చెప్పగా బాలుడు, "గుండ్రంగుంటే మూల దొరకదు గదా అయ్యగారూ, ఎట్ల తిప్పుదురు?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

వాడిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. లెక్కల పుస్తకములో ప్రతి తప్పు లెక్కయందును, తప్పిన పంక్తిక్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసికొనుచున్నాడు. ఇది నేను చెప్పినది కాదు. మొన్నటి పరీక్షలో నలువది రెండు వచ్చినవి. నా కుడిచేయి పదింటికి ఎనిమిది మారులు నిలుపుచున్నది. గడచిన శనివారము వాడు చూచుచుండగా ఎడమచేతితో ఆరంభించితిని. సగము కట్టయే తీసికొంటిని గాని, అదియంతయు నేలమీదనే పడినది.