వేరుశనగ వేరు బుడిపెల ఎరుపు రంగు - ఇనుము, మాలిబ్డినంల పాత్ర

వేరుశనగ వేరు బుడిపెను కోసినప్పుడు లోపల ఎరుపు రంగు కనిపిస్తే అక్కడ నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్లు గుర్తించవచ్చు. ఆ రంగు ఇనుము గల లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. అయితే నత్రజనిని అమ్మోనియాగా మార్చేది రైజోబియం బాక్టీరియాలోని నైట్రోజినేజ్ ఎంజైము. దాని క్రియాకేంద్రంలో 7 ఇనుము, 9 గంధకం, 1 మాలిబ్డినం పరమాణువులు, నడుమ ఒక కర్బన పరమాణువు ఉంటాయి. ఈ ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. బాక్టీరియా శ్వాసక్రియకు మాత్రం ఆక్సిజన్ తప్పనిసరి. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఎ.టి.పి. అణువులు ఖర్చవుతాయి మరి. లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను బంధించి, స్వేచ్ఛా ఆక్సిజన్‌ను అత్యల్ప స్థాయిలో ఉంచుతూనే బాక్టీరియాకు నిరంతరం అందజేస్తుంది.

కనుక క్షేత్ర పరిశీలనలో బుడిపెలను లెక్కించడం మాత్రమే చాలదు, కోసి చూడాలి. ఆమ్ల నేలల్లో మాలిబ్డినం సరిగా అందక నత్రజని లోప లక్షణాలే కనిపిస్తాయి. ముదురు ఆకులు ముందుగా పాలిపోతాయి. సున్నం అధికంగా గల నేలల్లో ఇనుము అందక లేత ఆకులు ఈనెల మధ్య పసుపుబారుతాయి. ఈ రెండో పసుపును నత్రజని లోపంగా భావించి యూరియా వేస్తే ఇనుప లోపం తీరదు సరికదా, బుడిపెల పని మందగిస్తుంది. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేయాలి.