ఏ కాలపు పంట ఆ కాలంలో: దానంగా ఇచ్చే పండ్ల సంచిపై ఒక పాఠం

రమజాన్ నెలలో ఇఫ్తార్ కోసం, మిగతా ఏడాదంతా ఆసుపత్రుల్లోని రోగుల కోసం, వసతి గృహాల్లో చదువుకునే పిల్లల కోసం మన దాతలు పండ్లు, కూరగాయలు పంపుతూ ఉంటారు. ఆ సంచుల్లో ముందుగా కనిపించేది స్టిక్కరు అంటించిన ఎర్రటి ఆపిల్. ఈ మధ్య దాని పక్కన కివీ కూడా చేరింది. ఇచ్చేది మంచిదే ఇవ్వాలన్న తపనతోనే మన వాళ్లు ఖరీదైనది కొంటారు. అయితే ఖరీదైనదీ, మేలైనదీ ఎప్పుడూ ఒకటేనా? ఆహారం పాఠం చెప్పేటప్పుడు మేము తరగతిలో పిల్లల్ని అడిగే ప్రశ్న ఇదే. ఈసారి దాన్ని పెద్దల ముందు ఉంచుతున్నాం.

విదేశీ పండు అంటే ఏది?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. మనం పక్కా దేశవాళీ అనుకునే జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మిరప, టమాటా, బంగాళాదుంప కూడా అంతే. పోర్చుగీసు వారు, ఇతర యూరపు వర్తకులు సముద్రం దాటించి తెచ్చిన మొక్కలివి. మన భాషలో ‘సీమచింత’ అనే మాటలోని ‘సీమ’ ఆ సంగతినే చెబుతుంది. ఆ చెట్లు ఇక్కడి నేలకు, ఇక్కడి ఎండకు అలవాటు పడ్డాయి. ఇప్పుడవి మనవే.

కాబట్టి పండు పుట్టిల్లు ఏదన్నది మనకు ముఖ్యం కాదు. అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ పండును ఎప్పుడు కోశారు? కోసిన చోటు నుంచి మన చేతికి రావడానికి ఎన్నాళ్లు పట్టింది?

ఆపిల్ చేసే ప్రయాణం

కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌లలో ఆపిల్ కోత ప్రధానంగా ఆగస్టు నుంచి నవంబరు వరకు సాగుతుంది. ఆ నెలల్లో మన బజారుకు వచ్చే ఆపిల్ దూరం నుంచి వచ్చినా కాలానికి వచ్చినదే. మరి ఏప్రిల్, మే నెలల్లో కొనే ఆపిల్ ఎక్కడిది? చాలావరకు అది కిందటి శరదృతువులో కోసి శీతల గిడ్డంగిలో దాచినది. లేదంటే, మనకు ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో కోతలు జరిగే న్యూజిలాండ్, చిలీ వంటి దక్షిణార్ధగోళపు దేశాల నుంచి ఓడలో వచ్చినది.

కోసిన తర్వాత కూడా పండు ఊపిరి తీస్తూనే ఉంటుంది. అలా ఊపిరి తీసే కొద్దీ మెత్తబడుతుంది, వాడిపోతుంది. అందుకే ఆ గిడ్డంగుల్లో చలిని సున్నా డిగ్రీల దగ్గర ఉంచి, గాలిలో సుమారు 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను రెండు, మూడు శాతానికి తగ్గిస్తారు. పండు ఊపిరి నెమ్మదిస్తుంది. అలా నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇది విజ్ఞానశాస్త్రం సాధించిన గొప్ప పనే. పైన పూసే మైనం గురించి కూడా చాలామంది భయపడతారు. తేనెమైనం, కార్నూబా మైనం, లక్క మైనం వాడేందుకు మన ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఆ పండు విషమని చెప్పడం సరికాదు.

అయితే ఆ ఓడకు, ఆ చలికి, ఆ నెలల నిలవకు, మధ్యలో చేతులు మారిన ప్రతివారికీ ఖర్చవుతుంది. ఆ ఖర్చంతా దాత ఇచ్చిన రూపాయిలోంచే పోతుంది. పేద ఇంటి పిల్లవాడి ఒంటికి అందులో చేరేది ఎంత?

అంకెలు ఏం చెబుతున్నాయి?

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను ప్రచురించింది. ఆ పట్టికల ప్రకారం 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అంతే బరువు ఆపిల్‌లో అది 5 మిల్లీగ్రాముల లోపే. పెద్ద మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలని 2020 నాటి సిఫారసు. అంటే అర జామకాయతో ఆ రోజు అవసరం తీరిపోతుంది. అర కిలో ఆపిల్ తిన్నా తీరదు. కివీలో విటమిన్ సి బాగానే ఉంది, సుమారు 90 మిల్లీగ్రాములు. అయినా అది జామలో సగానికి తక్కువే.

విటమిన్ సి గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి, ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో ప్రార్థన వేళ కళ్లు తిరిగి కూర్చుండిపోయే ఆడపిల్లలను మేము చూస్తూనే ఉంటాం. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. భోజనంతోపాటు విటమిన్ సి ఉన్న పండో, నిమ్మరసమో తీసుకుంటే బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము పట్టడం తగ్గుతుంది. తోటకూర పప్పు మీద పిండిన నిమ్మచెక్క, భోజనమయ్యాక తిన్న జామముక్క మన ఆడపిల్లలకు ఎంత మేలో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మునగాకు సంగతీ చూడండి. 100 గ్రాముల మునగాకులో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, అంతే బరువు పాలలో 120 చుట్టుపక్కల ఉంటుంది. మునగచెట్టు మన పెరళ్లలోనే ఉంది.

ఒక చిన్న లెక్క

పిల్లలకు ఇచ్చినట్టే మీకూ ఒక లెక్క ఇస్తున్నాం. 240 కుటుంబాలకు పండ్లు పంచడానికి ఒక దాత 30,000 రూపాయలు ఇచ్చారనుకుందాం. దిగుమతి ఆపిల్ కిలో 250 రూపాయలైతే 120 కిలోలు వస్తాయి. ఒక్కో కుటుంబానికి అర కిలో, అంటే మూడు, నాలుగు పండ్లు. ఇంట్లో ఆరుగురుంటే తల్లికి ముక్క మిగలడం కూడా కష్టం. అదే డబ్బుతో కిలో 60 రూపాయల చొప్పున జామ కొంటే 500 కిలోలు వస్తాయి. ఒక్కో ఇంటికి రెండు కిలోల పైనే. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి కనుక ఈ అంకెలు తీసేసి మీ అంకెలు వేసి చూడండి. తేడా ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది.

అంతా జామే ఇవ్వమని కాదు. పళ్లు లేని పెద్దవారికి జామ నమలడం కష్టం. వారికి బొప్పాయి, అరటి ఉంటే బాగుంటుంది.

నెలవంకతో మారే జాబితా

ఇక్కడ దాతలు గమనించాల్సిన విషయం ఒకటుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. అందువల్ల రమజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. 2018లో అది మే నెల నడుమ మొదలైంది. అప్పుడు మామిడి, ముంజలు, పుచ్చకాయల కాలం. 2025లో మార్చి మొదట్లో మొదలైంది. అది ద్రాక్ష, పుచ్చ, సపోటాల కాలం. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. అప్పుడు జామ, రేగు, ఉసిరి, కమలా దొరికే చలికాలం. అరటి, బొప్పాయి ఎప్పుడూ దొరుకుతాయి.

నెల ఇలా రుతువులు మారుతుంటే, ఇఫ్తార్ పండ్ల జాబితా మాత్రం ఏటా ఒకటే ఉండటం ఎందుకు? ఏ ఏటికి ఆ ఏడు జాబితా కొత్తగా రాసుకోవాలి.

మన వంటిళ్లకు కాలం తెలుసు

ఇది కొత్త పాఠమేమీ కాదు. మన ఇళ్లలో వేసవి ముందు చింతచిగురు వచ్చినప్పుడు చిగుర్ గోష్, వానాకాలంలో లేత గోంగూరతో అంబాడే కీ భాజీ, చలికాలంలో మెంతికూర చవకైనప్పుడు మేథీ ఖీమా వండుతారు. సొరకాయ లేని దాల్చా దాల్చానే కాదు. ఏ కాలంలో ఏది కొనాలో నానమ్మలకు బజారే చెప్పేది: ఏది కుప్పలుగా వస్తే అది చవక, ఏది చవకో అది తాజా.

మరి ఆ పంట లేని నెలల్లో? అందుకు ఎండబెట్టుకునే ఒరుగులు, చల్లమిరపకాయలు, టమాటా నిలవ పచ్చడి, గోంగూర పచ్చడి ఉన్నాయి. ఏడాది పొడవునా తినాలన్న కోరిక పాతదే. దాన్ని మన పెద్దలు ఎండతో, ఉప్పుతో తీర్చుకున్నారు.

ఆకుకూరల విషయంలో దూరం మరీ ముఖ్యం. పాలకూర వంటివి మామూలు వేడిలో ఉంచితే రెండు, మూడు రోజుల్లోనే విటమిన్ సి చాలావరకు పోగొట్టుకుంటాయి. తెల్లవారుజామున కోసి ఉదయానికల్లా రైతు బజారుకు వచ్చిన కట్టకు సాటి లేదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైంది రైతూ, కొనేవారూ మధ్యలో ఎవరూ లేకుండా కలుసుకోవాలనే. హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ రైతు బజార్లు అందరికీ తెలిసినవే.

రైతు సంగతి కూడా మన దానంలో భాగమే. 2023 జూలైలో నగరాల్లో కిలో టమాటా 150 రూపాయలు దాటింది. మరి కొన్ని నెలలకే ధర పడిపోయి, రైతుకు కోత కూలి కూడా రాని స్థితి వచ్చింది. పంట పొంగిన వారాల్లో సంఘాలు ఎక్కువగా కొని, నిలవ పచ్చళ్లు పెట్టించి వసతి గృహాలకు ఇస్తే ఇటు రైతుకూ, అటు పిల్లలకూ మేలు. పచ్చడి పెట్టే ఆడవారికి నాలుగు రోజుల పనీ దొరుకుతుంది.

పట్టుదల వద్దన్న చోట

ఖర్జూరం చాలావరకు అరబ్బు దేశాల నుంచి, ఇరాన్ నుంచి వస్తుంది. అది పాడవకుండా నిలవ ఉండే పండు కనుక ఓడ ప్రయాణం దానికి నష్టం చేయదు. దాన్ని మానమని ఎవరూ అనరు. కోసిన వెంటనే గడ్డకట్టించిన బఠాణీ కూడా వాడిపోయిన పచ్చి బఠాణీ కంటే మంచిదే. రోగులకు పంపేటప్పుడు మాత్రం వైద్యుడిని అడిగి పంపాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అన్ని పండ్లూ పడవు. ఆపిల్ తినాలని నోరు కోరుకునే రోగికి ఆపిల్ ఇవ్వడంలోనూ తప్పులేదు.

దాతలు చేయదగినవి

1. డబ్బు ఇచ్చేటప్పుడు ‘ఆపిల్‌కు’ అని కాకుండా ‘ఈ కాలపు పండ్లకు’ అని చెప్పండి. కొనేవారికి చేతులు కట్టినట్టు ఉండదు.

2. పంపిణీకి వారం ముందు ఒకరిని బజారుకు పంపి, ఎక్కువగా వస్తున్న మూడు పండ్లు, ధరలు రాసుకు రమ్మనండి. జాబితా అక్కడే తయారవుతుంది.

3. బియ్యం, పప్పు, నూనె ఇచ్చే సంచిలో అర డజను నిమ్మకాయలు, ఒక మునగాకు కట్ట చేర్చండి. ఖర్చు కొంచెమే.

4. బడి ఆవరణలో చోటుంటే మునగ, బొప్పాయి, కరివేపాకు, నిమ్మ మొక్కలు నాటించండి. బొప్పాయి ఏడాదిలోపే కాపుకు వస్తుంది.

5. ఇంట్లో పిల్లలకు ఒక పని అప్పగించండి. ప్రతి శుక్రవారం బజారులో అన్నిటికంటే చవకైన మూడు కూరగాయలు, రెండు పండ్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి పంటల పట్టిక మీ ఇంట్లోనే తయారవుతుంది. వచ్చే ఏడు మన సంఘం పండ్లు కొనేటప్పుడు ఆ పుస్తకాన్ని తెచ్చి ఇవ్వండి. కొనుగోలుకు అంతకంటే మంచి ఆధారం ఉండదు.