కోచ్ గారు మంచివారే, అయినా ఇద్దరుండాలి

"కోచ్ గారు చాలా మంచివారండీ, మాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు." పిల్లల్ని క్రీడా శిబిరాలకో, స్కౌట్స్ క్యాంపులకో పంపే తల్లిదండ్రుల ధీమా ఇదే. నిర్వాహకుల ధీమా కూడా ఇదే. మనుషుల మీద నమ్మకం ఉండాల్సిందే. శిబిరాన్ని మాత్రం నియమం మీద నడపాలి.

అమెరికా బాయ్ స్కౌట్స్ 1910లో పుట్టిన సంస్థ. తరతరాలుగా తల్లిదండ్రులు అక్కడికి పిల్లల్ని నిశ్చింతగా పంపారు. 2020లో అది దివాలా పిటిషన్ వేశాక, చిన్నతనంలో తమపై లైంగిక వేధింపులు జరిగాయంటూ 82 వేల మందికి పైగా ముందుకొచ్చారు. అన్నేళ్ళు ఆ బాధను మనసులోనే దాచుకున్నవాళ్ళు ఎందరో!

శిబిరం నడిపేది మీరైతే, ముందు ఈ కట్టుబాటు పెట్టండి: ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. కాలు బెణికిన పిల్లాడికి కట్టు కట్టాలా? వరండాలో, నలుగురూ చూస్తుండగా కట్టండి. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడింది, ఒక అమ్మాయి వాళ్ళ నాన్న ఇంకా రాలేదు. బండి మీద దింపేసి వస్తే పోతుందిగా అనిపిస్తుంది. వద్దు. ఇంటికి ఫోన్ చేసి, మరో టీచర్‌ను ఆపి, ఇద్దరూ గేటు దగ్గర లైటు కింద ఆ పిల్లకు తోడుగా కూర్చోండి. రాత్రిపూట విడిగా వాట్సాప్ మెసేజ్‌లు పెట్టొద్దు. చెప్పాల్సిందేదో తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పండి. "నన్నే అనుమానిస్తారా?" అని చిన్నబుచ్చుకోకండి. రేపు మీ మీద ఎవరైనా నింద వేస్తే మీకు అండగా నిలిచేది ఈ నియమమే.

నీళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదలడంతో, బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఏరు నిదానంగా ఉందని పిల్లల్ని దించేయకండి. ఎగువన ఏముందో, నీళ్ళెప్పుడు వదులుతారో ఆ ఊరివాళ్ళను అడగండి. బస్సెక్కేటప్పుడు తలలు లెక్కపెట్టి సరిపెట్టుకోకుండా పేరు పేరునా పిలవండి. బయటి పిల్లాడొకడు కలిశాడంటే లెక్క సరిపోతుంది, మనవాడు అక్కడే ఉండిపోతాడు.

ఏ పిల్లయినా "ఆ సార్ దగ్గరికి వెళ్ళను" అంటే గదమాయించకండి, గుచ్చి గుచ్చి అడగకండి. చెప్పినంతా వినండి, చెప్పి మంచిపని చేశావనండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా. సంస్థ పరువు కోసమని లోలోపల సర్దుబాటు చేయడం ఆ పిల్లకు రెండోసారి అన్యాయం చేయడమే.

శిబిరం మొదటి రోజే భోజనాల గది గోడ మీద చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 పెద్ద అక్షరాలతో రాయించండి. ఏ కష్టమొచ్చినా ఎవరితో చెప్పుకోవచ్చో ఒక మేడమ్ పేరు, ఒక సార్ పేరు కూడా దాని కిందే రాయించండి.