బిల్లు లేని వైరు

నాలుగు నెలల్లో మూడు బండ్లు. ఒకటి ప్రొద్దుటూరుది, ఒకటి జమ్మలమడుగుది, మూడోది పులివెందుల పక్క పల్లెది. మూడూ కాలిపోయినవే. మూడింటికీ కొన్న తర్వాత లైట్లో, చార్జరో, హారనో బిగించారు. ఆ పని ఎవరు చేశారో చెప్పే కాగితం ముక్క మాత్రం ఒక్కరి దగ్గరా లేదు. ఎందుకు లేదని అడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు: "బిల్లు ఎందుకులే అనుకున్యా సార్."

పులివెందులాయన కేసు ఇప్పుడు నా చేతిలో ఉంది. చీనీ తోట రైతు. రాత్రిపూట తోట దారిలో పందుల బెడద, బండి హెడ్‌లైటు చాలదు. షోరూములో చెబితే అక్కడి మెకానిక్కే, పనివేళల్లోనే, రెండు ఫాగ్‌లైట్లూ సెల్‌ఫోను చార్జింగు సాకెట్టూ బిగించాడు. 1,800 రూపాయలు. బిల్లు రాస్తే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుందని కౌంటరులో చెప్పారు. లెక్కేస్తే 324 రూపాయలు. ఆ 324 మిగుల్చుకోవడానికి మనవాడు డబ్బును మెకానిక్కు సొంత నంబరుకు ఫోన్‌పే చేశాడు. మిగిలింది 324, పోయింది లక్ష రూపాయల బండి.

ఒక రాత్రి తోట నుంచి వచ్చి, ఇంటి ముందర స్టాండు వేసి, తాళం చెవి జేబులో వేసుకుని అన్నానికి కూర్చున్నాడు. అరగంటకు వాకిట్లో మంట.

ఈయన ఇంటామె తెలివైనది. మరుసటి రోజు బూడిదలో మిగిలిన వైర్లన్నీ ఏరి యూరియా సంచిలో వేసి పెట్టింది. ఆ సంచిని మా ఆఫీసులో పాత పేపరు పరిచి గుమ్మరించాం. బ్యాటరీ పాజిటివ్ బోల్టుకు రింగు టెర్మినల్‌తో కలిపిన ఎర్ర వైరు ముక్క ఒకటి దొరికింది. దాని దారిలో ఫ్యూజు హోల్డరు లేదు, రిలే లేదు. ట్యాంకు కింద ఫ్రేముకు ఒరుసుకునే చోట రాగి పోగులు కరిగి గుండు కట్టాయి.

దీని అర్థం ఏమిటో నాకు మొదట తెలియలేదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర గంట కూర్చుని నేర్చుకున్నాను. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా చేయాలంటే, తాళంతో వెలిగే ఏదో ఒక వైరు నుంచి రిలేకు సైగ మాత్రం ఇచ్చి, లైట్లకు కావలసిన కరెంటును బ్యాటరీ నుంచి రిలే ద్వారా పంపాలి. అప్పుడు తాళం తీసేస్తే రిలే అవతల వైరు చచ్చి పడుంటుంది. బ్యాటరీ నుంచి రిలే దాకా ఉన్న ముక్క మాత్రం ఎప్పుడూ బతికే ఉంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. నేరుగా బ్యాటరీకి కలిపేస్తే రాత్రంతా ఆ వైరంతటా కరెంటు కాచుకుని ఉంటుంది. తాళం జేబులో ఉండగా బండి అంటుకుందన్న ఒక్క సంగతే నా వాదనకు వెన్నెముక. ఆ ఎర్ర వైరు లేకపోతే అదీ లేదు. ప్రొద్దుటూరు కుర్రాడు కాలిన బండిని పాతసామాన్ల వాడికి రెండు వేలకు అమ్ముకుని నా దగ్గరికి వచ్చాడు. ఏం చూపించమంటారు నాయనా వినియోగదారుల కమిషనుకు, రెండు వేల నోట్లా?

షోరూము వాళ్ల జవాబు మూడు లైన్లు. "మా జాబ్‌కార్డులో ఆ పని లేదు. బయట చేయించుకున్నది. వారంటీ వర్తించదు." ఇన్సూరెన్సు వాళ్లది రెండు లైన్లు. అనధికార విద్యుత్ మార్పు, క్లెయిము తిరస్కరణ.

ఇన్సూరెన్సు సంగతి ముందు చెబుతాను. మీ పాలసీ తెరిచి మొదటి పేజీల్లో చూడండి. కవరయ్యే ప్రమాదాల వరుసలో అగ్ని, పేలుడుతో పాటు తనంతట తాను అంటుకోవడం కూడా రాసి ఉంటుంది. మినహాయింపుల్లో 'ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్' అని ఉంటుంది, దాన్ని చూపించి సర్వేయరు బెదరగొడతాడు. కాయిల్ కాలి బండి ఆగిపోతే అది బ్రేక్‌డౌన్, బండే కాలిపోతే అది అగ్ని ప్రమాదం. ఈ తేడా తెలియని సర్వేయర్లను నేను చూశాను, తెలిసీ తెలియనట్టు రాసేవాళ్లను ఎక్కువ చూశాను. అదనంగా బిగించిన ఎలక్ట్రికల్ సామాను విలువ కంపెనీకి చెప్పి పాలసీలో ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంటు వేయించుకోవచ్చు. పాత టారిఫ్ ప్రకారం దాని ప్రీమియం, సామాను విలువలో నాలుగు శాతం, అంటే మనవాడి 1,800కు 72 రూపాయలు. అది వేయించాలన్నా చూపవలసింది బిల్లే.

"అయిదేళ్ల ఇన్సూరెన్సు ఉంది సార్" అనేవాళ్లకు ఒక మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలరుకు అయిదేళ్లు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ మాత్రమే. మీ బండి సొంత నష్టానికి కవరు చాలా పాలసీల్లో మొదటి ఏడాదితోనే సరి. జమ్మలమడుగు అబ్బాయి గండికోట చూసి తిరిగి వస్తుండగా బండి కాలింది. కవరు అయిపోయి ఏడు నెలలు. పైగా అతను పెట్టింది రాగాలు పలికే హారను, కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119 దాన్ని వద్దంటుంది. ఆ విషయంలో అతని తరఫున నేనేం మాట్లాడను.

చార్జరు సాకెట్టు సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధించేది ఆర్సీలోని వివరాలు మారిపోయేలా చేసే మార్పును. సాకెట్టుతో ఆర్సీలో ఏ గడీ మారదు. ఒకవేళ పాలసీ షరతు మీరారనే అనుకున్నా, సొంత కారును టాక్సీగా తిప్పుతుండగా దొంగలు ఎత్తుకుపోయిన కేసులో, ఆ ఉల్లంఘనకూ దొంగతనానికీ సంబంధం లేదని 2008లో సుప్రీంకోర్టు చెప్పి, క్లెయిములో 75 శాతం ఇవ్వాలన్న తీర్పును నిలబెట్టింది. కానీ మన కేసులో మంటకు కారణం ఆ వైరే కదా, కాబట్టి ఆ తీర్పు నాకు సగం దూరమే తోడొస్తుంది. మిగతా సగం, ఆ వైరు ఎవరు వేశారో రుజువు చేయడం మీదే ఉంది.

మళ్లీ అక్కడికే వచ్చాం. బిల్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 2(47) ప్రకారం సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడం దానికదే అనుచిత వ్యాపార పద్ధతి. అడిగినా ఇవ్వకపోతే ఫిర్యాదు చేయడానికి ఆ ఒక్క కారణం చాలు. మీరే వద్దని వచ్చేస్తే ఆ ఆయుధాన్ని కౌంటరు మీదే వదిలేసి వచ్చినట్టు. జాబ్‌కార్డులో 'ఫాగ్‌లైట్లు, సాకెట్టు బిగింపు' అని రాయించండి. కింద సంతకం, ముద్ర. సొంత నంబరుకు డబ్బు పంపమంటే పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే స్క్రీన్‌షాటు, మెసేజీలు చెరపకండి, ఆ ఫోను మార్చకండి.

పులివెందులాయనకు మిగిలింది ఒక ఫోన్‌పే ఎంట్రీ, పని అయ్యాక మెకానిక్కు పంపిన లైట్ల ఫోటో, యూరియా సంచి. సంచికి లక్కముద్ర వేసి బీరువాలో పెట్టాం, ల్యాబు పరీక్షకు పంపమని కడప జిల్లా కమిషనులో పిటిషను వేశాం.

పోయిన వారం ఆ మెకానిక్కు నాకే ఫోన్ చేశాడు. "సార్, నా పేరు ఎందుకు రాస్తాండారు? బిల్లు వద్దన్నది ఆయప్పే కదా!"

"ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తావా?" అని అడిగాను.

ఫోన్ పెట్టేశాడు.